పొలం పేర్ల వెంట నడిచిన సుభద్ర గారు

పోయిన నెలలో ఒక ఉదయం, ఇక్కడ టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, మా పాపను స్కూల్లో దించి కారు వెనక్కి తిప్పుతుండగా మినెసోటా నుంచి ఫోన్ వచ్చింది. సుభద్ర గారి భర్త హాల్వర్ అంకుల్. ఆయన తనంతట తాను ఫోన్ చేసే మనిషి కారు. ఎప్పుడూ సుభద్ర గారే చేసేవారు. చివర్లో ఫోన్ ఆయన చేతికిస్తే ఒక్క పలకరింపు పలికి తిరిగి ఇచ్చేసేవారు. ఆయనకు వచ్చిన తెలుగు బహు స్వల్పం. ఆ స్వల్పమైన తెలుగులోనే, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ, "వాసంతీ, సుభద్ర వెళ్ళిపోయింది" అన్నారు.

ఎక్కడికి అని అడగబోయి ఆగిపోయాను. ఆయన గొంతులో ఆ ప్రశ్నకు చోటు లేదు. ముందురోజు సాయంత్రం పెరట్లో టొమాటో మొక్కలకు కర్రలు కట్టి లోపలికి వచ్చి, కాస్త ఆయాసంగా ఉందన్నారట. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది. అంతకు రెండు రోజుల ముందే నాతో మాట్లాడి, తనకు అంతుపట్టని ఒక చేవ్రాత ఫోటో పంపుతానని, నా కళ్ళు ఇంకా కుర్రవి గనుక నేను చూడాలని అన్నారు. ఆ ఫోటో రాలేదు. స్కూలు బయటి పార్కింగ్‌లో, ఎండలో, కారు ఆపుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తు లేదు.

సుభద్ర గారి పేరు మన తెలుగువారిలో చాలామంది విని ఉండరు. సభల్లో ఆమె ప్రసంగించలేదు, పుస్తకం రాయలేదు, ఏ వేదిక మీదా శాలువా కప్పించుకోలేదు. కానీ మినెసోటా రాష్ట్రపు పడమటి జిల్లాల్లో, నార్వే నుంచి వలస వచ్చిన రైతుల సంతతివారి ఇళ్ళలో, మా ముత్తాతది ఏ పొలం అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, "సుభద్రను అడగండి" అనడం ఒక నానుడి అయిపోయింది. బాపట్లలో లెక్కల మాస్టారి కూతురిగా పుట్టిన ఒక తెలుగు విదుషి, మంచుదేశపు పాదిరుల పాత రాతలను సాధికారంగా చదివే స్థాయికి ఎదిగిందంటే అది సామాన్యమైన సాధన కాదు. ఆ సాధనను దగ్గరగా చూసిన భాగ్యం నాది.

ఆమె పందొమ్మిది వందల డెబ్బైలలో స్టాటిస్టిక్స్ చదవడానికి మినెసోటా వచ్చారు. అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు మాట వినాలంటే తనతో తనే మాట్లాడుకోవాల్సి వచ్చేదని నవ్వేవారు. తరువాత ఒక చిన్న ఊరి కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. అదే కాలేజీలో వెల్డింగ్ నేర్పే హాల్వర్ గారిని పెళ్ళి చేసుకున్నారు. వారికి పిల్లలు లేరు. ఎవరి కోసం ఈ వంశవృక్షాలన్నీ అని ఒకసారి ఎవరో కాస్త మొరటుగానే అడిగితే, "అడిగినవాళ్ళ కోసం" అని ఊరుకున్నారు.

నేను ఆ ఊరికి వెళ్ళింది పెళ్ళయిన కొత్తలో. మా ఆయనకు అక్కడ ప్రాజెక్టు. నాకు హెచ్‌ఫోర్ అనే డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. గుంటూరులో హిస్టరీ ఎం.ఏ. చేసిన దాన్ని, పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద మంచు తీసే బండిని చూడటమే నా పని. లైబ్రరీలో పరిచయమైన సుభద్ర గారు నా కథంతా విని, ఊరి చరిత్ర సంఘం వారి గదికి రమ్మన్నారు.

"హెచ్‌ఫోర్ మీద జాబ్ చేయకూడదు గానీ, చదవకూడదని ఎవరన్నారమ్మాయ్? వాలంటీర్‌గా రా. జీతం ఉండదు, కాఫీ ఉంటుంది" అన్నారు.

ఆ మాటతో నా చలికాలం ముగిసింది. ఆ తరువాత ఎన్ని శీతకాలాలు వచ్చినా నాకు మళ్ళీ ఆ మొదటి ఏడాది చలి వేయలేదు.

ఆ గదిలో ఆమె నాకు నేర్పిన మొదటి విద్య ఓపిక. నార్వేలో ప్రతి చర్చి పాదిరీ తన పరిధిలోని పుట్టుకలు, జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, చావులు, ఊరు వదిలి వెళ్ళినవారు, ఊళ్ళోకి వచ్చినవారు అన్నీ రాసిపెట్టేవాడు. వాటికి తోడు జనాభా లెక్కలు. ఇప్పుడు అవన్నీ కంప్యూటర్ తెర మీద ఉచితంగా కనిపిస్తాయి. కనిపించడమే గానీ చదవడం కష్టం. పాతకాలపు ఆ లిపిలో అక్షరాలన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి. నేను మొదటి పేజీ చూసి చేతులెత్తేస్తే ఆమె అన్న మాట నేటికీ నా చెవుల్లో ఉంది. "మా తాతగారి గొలుసుకట్టు రాత చదివినదాన్ని, నాకు ఇది ఒక లెక్కా? ముందు పేజీ మొత్తం చూడు. ఆ మనిషి చెయ్యి ఎలా తిరుగుతుందో పట్టుకో. తెలిసిన మాట దగ్గర మొదలుపెట్టి తెలియని మాట దగ్గరికి నడువు. దూకకు." చరిత్ర పరిశోధనకు ఇంతకంటే గొప్ప సూత్రాన్ని నాకు ఏ ఆచార్యుడూ బోధించలేదు.

రెండో విద్య పేర్లది. ఆ కాలపు నార్వే పల్లెల్లో మనిషికి తన పేరు, తండ్రి పేరు, తాను ఉంటున్న పొలం పేరు కలిపి చెప్పేవారు. మన ఇంటిపేరు మనం ఎక్కడికి పోయినా వెంటే వస్తుంది. వాళ్ళ పొలం పేరు అలా కాదు. పొలం మారితే పేరు మారిపోతుంది. ఒకే మనిషి పుట్టినప్పుడు ఒక పేరుతో, కూలికి వెళ్ళినప్పుడు ఇంకో పేరుతో, ఓడ ఎక్కినప్పుడు మరో పేరుతో కనిపిస్తాడు. అమెరికాలో దిగినవాళ్ళు చివరి పొలం పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. మనవలేమో అది తాతల ఆస్తి అనుకున్నారు.

ఈ భ్రమలు తొలగించడంలో ఆమె నిర్దాక్షిణ్యంగా ఉండేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి తమ వంశం వైకింగ్ రాజుల దాకా పోతుందని, ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన వంశవృక్షాన్ని రంగుల్లో ప్రింట్ తీసుకుని వచ్చాడు. ఆమె దాన్ని మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చి, రాజే కావాలంటే ఆ కాగితం చాలునని, ముత్తాత కావాలంటే కోటు విప్పి కూర్చోమని చెప్పారు. ఆయన కూర్చున్నాడు. ఆ వసంతకాలం ముగిసేలోగా ఆయనకు దొరికిన ముత్తాత ఒక చెప్పులు కుట్టేవాడు. ఆయన ఆ చెప్పులు కుట్టేవాడి పేరును తన మనవడికి పెట్టించాడు.

ఇన్ని భాషలుండగా, ఇంత చరిత్ర ఉన్న దేశం నుంచి వచ్చి, ఈ చలిదేశపు రైతుల గొడవ ఎందుకని నేను అడిగాను. ఆమె, "మన చరిత్రలో నేను చదువుకున్నవి రాజుల పేర్లు వాసంతీ. ఇక్కడ కోళ్ళకు గింజలు చల్లిన పనిపిల్ల పేరు కూడా రాసిపెట్టారు. అది చదివినప్పుడు నాకేదో గౌరవం దక్కినట్టుంటుంది" అన్నారు.

అలాంటి ఒక పనిపిల్ల కథే ఆమె చేసిన పనులన్నింటిలో శిఖరం. అందులో నేను కూడా పక్కన ఉన్నాను గనుక కాస్త వివరంగా చెప్పాలి.

హాల్వర్ గారికి మార్గిట్ అని ఒక అక్కగారున్నారు, ఆయనకంటే చాలా పెద్దావిడ. సుభద్ర గారు నాతో మాట్లాడేటప్పుడు ఆమెను "మా వదినగారు" అనేవారు. భర్త పోయాక ఆమె పుట్టినింట్లోనే, మొక్కజొన్న చేల మధ్య ఒక్కరే ఉండేవారు. ఆ ఇంట్లోనే వాళ్ళ నానమ్మ గూరి చనిపోయింది. గూరి పడుచుదనంలో ఒంటరిగా నార్వే నుంచి వచ్చి, ఇక్కడ పెళ్ళాడి, ఇంటినిండా పిల్లల్ని కని, తొంభై ఏళ్ళు బతికింది. నార్వే గురించి ఎవరు కదిపినా మాట మార్చేది. చివరి రోజుల్లో మనుషుల్ని పోల్చుకోలేని స్థితిలో, అన్నం పెడుతున్న కోడలి చెయ్యి పట్టుకుని "కారి, కారి" అని పిలిచింది. ఆ ఇంట్లో కారి అన్న పేరు ఎవరికీ లేదు. తలుపు దగ్గర నిలబడి విన్న చిన్నపిల్ల మార్గిట్ అది ఎవరని తల్లిని అడిగితే, అడగొద్దని తల్లి కసిరింది. మార్గిట్ మళ్ళీ అడగలేదు. ఎనభయ్యో పడిలో పడ్డాక, ఒక థాంక్స్‌గివింగ్ భోజనం తరువాత గిన్నెలు కడుగుతూ, ఆ సంగతి సుభద్ర గారితో చెప్పి, తాను పోయేలోగా ఆ కారి ఎవరో తెలుసుకోగలనా అని అడిగారు.

సుభద్ర గారు ఒప్పుకున్నారు. పని మాత్రం ముందుకు సాగలేదు. ఇంటి బైబిల్లో గూరి పేరు పక్కన హౌగె అని ఉంది. హౌగె పొలం ఉన్న చర్చి పుస్తకంలో, అమెరికా వెళ్ళినవారి జాబితాలో, "ఓలా కూతురు గూరి, పనిమనిషి" అని దొరికింది. అంతకు ముందు ఆమె జాడే లేదు. పుట్టిన దాఖలా లేదు, తండ్రి పేరు తప్ప కుటుంబం ఊసు లేదు. ఓలా కూతురు గూరి అంటే ఆ దేశంలో వీధికొకరు. రెండు శీతకాలాలు గోడకు తల కొట్టుకున్నట్టే గడిచాయి.

ఒక మధ్యాహ్నం కాఫీ కప్పు పక్కన పెట్టి, సుభద్ర గారు ఉన్నట్టుండి ఇలా అన్నారు: "మనం ఈ పిల్లని హౌగెలో వెతుకుతున్నాం. ఈమె హౌగె పిల్ల అని మనకెవరు చెప్పారు? పనికి వచ్చింది, ఆ పేరు అంటుకుంది. వచ్చినవాళ్ళ లిస్టు తియ్యి."

తీశాం. ఉంది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకు, ఫ్యోర్డ్‌కు, అవతలి ఒడ్డున ఉన్న మరో చర్చి పరిధి నుంచి, సోల్‌బక్కెన్ అనే చోటి నుంచి వచ్చిన గూరి. సోల్‌బక్కెన్ అంటే ఎండ పడే మిట్ట అని అర్థం. పెద్ద పొలం అంచున, భూమి లేని కూలివాళ్ళు గుడిసె వేసుకునే చోటు. అవతలి చర్చి పుస్తకంలో ఆమె పుట్టుక, ఆమె తల్లిదండ్రులు, అక్క, అంతా వరసగా దొరుకుతూ వచ్చారు. సంతోషంతో నేను గబగబా పేజీలు తిప్పుతున్నాను. గూరి హౌగెకు బయలుదేరిన ఏడాదే, కొన్ని నెలల ముందు, ఇంకొక జ్ఞానస్నానం కనిపించింది. బిడ్డ పేరు కారి. తల్లి గూరి, సోల్‌బక్కెన్. తల్లికి పెళ్ళి కాలేదు. ఆ కాలపు పాదిరి అటువంటి బిడ్డలకు వాడే మాటను నేను అర్థం తెలియకుండానే పైకి చదివేశాను. సుభద్ర గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు ఇంక ఏ పేజీ తిప్పలేదు.

తరువాత కారిని వెతకడం అంత కష్టం కాలేదు. జనాభా లెక్కల్లో ఆ పిల్ల గూరి అక్కగారింట్లో పెంపుడు కూతురిగా ఉంది. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో మతదీక్ష కోసం చర్చిలో పరీక్షకు నిలిచినప్పుడు, చదువు ఎలా ఉందో పాదిరి ఒక మాట రాశాడు: చాలా బాగుంది. ఆ మాట దొరికిన రోజు సుభద్ర గారు తన సొంత పిల్లే ఫస్ట్ క్లాస్‌లో పాసయినంత సంబరపడ్డారు. ఆ తరువాత ఒక జాలరితో పెళ్ళి, పిల్లలు.

అయితే మార్గిట్‌కు ఎలా చెప్పడం? ఆమె ఆదివారం చర్చి మానని నిష్ఠాపరురాలు. ఆ ఒక్క మాట దాటవేసి, కారి అనే పాప ఉండేదని మాత్రం చెబితే చాలదా అని నేను నసిగాను. "ఆవిడ అడిగింది నిజం, వాసంతీ. అందులో మనకు నచ్చిన ముక్క కోసి ఇస్తామా?" అన్నారు సుభద్ర గారు. ఫోన్లో చెప్పే సంగతి కాదని, హాల్వర్ గారిని, నన్నూ కారెక్కించుకుని తానే డ్రైవ్ చేశారు. దారి పొడుగునా కోసేసిన మొక్కజొన్న మోళ్ళ మీద పల్చటి మంచు. సుభద్ర గారి చేతులు స్టీరింగ్‌ను మామూలుకంటే గట్టిగా పట్టుకున్నాయి.

మార్గిట్ కాఫీ పోసి, ఏలకులు వేసిన రొట్టె కోసి పెట్టారు. సుభద్ర గారు మొదటి నుంచి చివరి దాకా, ఏమీ తగ్గించకుండా, ఏమీ పెంచకుండా చెప్పారు. పాదిరి రాసిన మాట కూడా చెప్పారు. మార్గిట్ కిటికీలోంచి చూస్తూ విన్నారు. కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆమె ఇటు తిరిగి అడిగింది ఒకటే.

"తల్లి వెళ్ళిపోయాక, ఆ పసిదానికి పాలెవరిచ్చారు?"

ఈ ప్రశ్నకు సుభద్ర గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కారి పెద్దమ్మకు ఆ ఏడే ఒక కొడుకు పుట్టాడని, అందుకే గూరి బిడ్డను ఆ ఇంట్లో వదిలి ఉంటుందని, అలాగని పుస్తకంలో రాయలేదు గానీ తేదీలు చూస్తే తనకు అలా తోస్తోందని చెప్పారు. మార్గిట్ తల ఊపి, అప్పుడు ఏడ్చారు. హాల్వర్ గారు లేచి వెళ్ళి అక్కగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. నిష్ఠ, అపవాదు అని నేను బరువు తూచుకున్నవన్నీ ఆ ముసలావిడ ఒక్క ప్రశ్నతో పక్కకు తోసేసింది. మార్గిట్ మనసు ఏ మాటను భరించగలదో సుభద్ర గారికి ముందే తెలుసు.

కథ అంతటితో ఆగలేదు. అక్కడి స్థానిక చరిత్రకారుల ద్వారా కారి మనవరాలు సోల్‌వై ఆచూకీ తీశారు సుభద్ర గారు. మార్గిట్ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి ఇద్దరినీ కలిపారు. కాసేపు పిల్లల గురించి, వాతావరణం గురించి మాట్లాడుకున్నాక సోల్‌వై తన అమ్మమ్మ సంగతి చెప్పింది. కారి చాలా కాలం బతికిందట. మంచి మనిషే గానీ నవ్వేది తక్కువట. కన్నతల్లి మాట ఎత్తితే, "ఆమె అమెరికా వెళ్ళి నన్ను మరిచిపోయింది" అనేదట. ఆ మాటతోనే పోయిందట.

మార్గిట్ తెరకు దగ్గరగా వంగి, "మరిచిపోలేదు. చివరి రోజుల్లో మా అమ్మ చెయ్యి పట్టుకుని కారి అని పిలిచింది. నేను విన్నాను. నేను అక్కడే ఉన్నాను" అన్నారు.

లైన్ తెగిందేమోనని నేను మౌస్ మీద చెయ్యి వేయబోతే సుభద్ర గారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. కాసేపటికి సోల్‌వై, ఆ మాట ఇంకొకసారి చెప్పమని అడిగింది. ఈసారి మార్గిట్ ఇంగ్లీషులో చెప్పలేదు. చిన్నప్పుడు నానమ్మ నోట విన్న, ఎన్నో దశాబ్దాలుగా పలకని ఆ పల్లె నార్వేజియన్‌లో, తడుముకుంటూ, తప్పులతో చెప్పారు. సోల్‌వైకి అర్థమైంది. సుభద్ర గారు లేచి సింకు దగ్గరికి వెళ్ళి, కడిగిన కప్పులనే మళ్ళీ కడగడం మొదలుపెట్టారు.

మరుసటి వేసవిలో మార్గిట్‌ను తీసుకుని భార్యాభర్తలు నార్వే వెళ్ళారు. కారి సమాధి దగ్గరికి అందరూ వెళితే సుభద్ర గారు మాత్రం గేటు దగ్గరే ఆగిపోయారని హాల్వర్ గారు తరువాత నాతో చెప్పారు. ఎందుకలా అని నేను ఫోన్లో నిలదీస్తే, "అది వాళ్ళ చోటు. నా పని తోవ చూపించడం వరకే" అన్నారు. వినయం అని దాన్ని అనడానికి నాకు మనసొప్పదు. తన పని హద్దు తెలిసిన మనిషి ప్రజ్ఞ అది.

మేము టెక్సాస్ వచ్చేశాక కూడా మా పాఠాలు ఆగలేదు. శనివారం వీడియోలో కూర్చుని ఏదో ఒక పాత పుట తెరిచేవాళ్ళం. మధ్యలో మా పాప వచ్చి, "అమ్మమ్మా, ఇవాళ హూ డిడ్ యు ఫైండ్?" అని ఆ అమెరికన్ యాసలో అడిగితే, దొరికినవాళ్ళ సంగతి కథలా చెప్పేవారు. దొరకని రోజున దొరకలేదనే చెప్పేవారు. ఊహించి అతికించడం ఆమెకు బొత్తిగా గిట్టదు.

అంత్యక్రియలకు వెళ్ళాను. ఆ ఊరి చర్చి బేస్‌మెంట్‌లో, పొడుగాటి బల్లల దగ్గర, ఆమె ఎవరెవరి తాతముత్తాతల్ని వెతికిపెట్టారో వాళ్ళంతా కూర్చున్నారు. చక్రాల కుర్చీలో వచ్చిన మార్గిట్ నా చెయ్యి పట్టుకుని, "హాల్వర్ ఆమెను మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు, మీ వాళ్ళెవరమ్మా అని నేను చాలా ప్రశ్నలు వేశాను. మా వాళ్ళెవరో చివరికి ఆమె చెప్పింది" అన్నారు.

తిరిగి వచ్చిన వారానికి హాల్వర్ అంకుల్ మళ్ళీ ఫోన్ చేశారు. మరణ ధ్రువపత్రం కోసం సుభద్ర గారి తల్లి పుట్టింటి ఇంటిపేరు అడుగుతున్నారట. తనకు తెలియదని చెప్పడానికి ఆయన చాలా సిగ్గుపడ్డారు. నేను బాపట్లలో ఉన్న ఆమె తమ్ముడుగారికి చేసి కనుక్కున్నాను. పమిడిముక్కల. ఒక్కో అక్షరం చెబుతుంటే ఆయన రాసుకుని, తిరిగి చదివి, తప్పు దిద్దుకుని మళ్ళీ చదివారు.

"అది పొలం పేరా?" అని అడిగారు.

ఊరి పేరని, ఏ కాలంలోనో వాళ్ళు అక్కడి నుంచి కదిలి వచ్చారని తమ్ముడుగారు చెప్పిన మాట చెప్పాను. ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో ఆయనకూ తెలియదన్నాను.

హాల్వర్ గారు, "ఎవరైనా వెతికారా?" అన్నారు.

లేదని చెప్పాను. ఇన్ని ఇళ్ళవాళ్ళకు వాళ్ళ మనుషుల్ని అప్పగించిన ఆ తల్లికి తన వాళ్ళను వెతుక్కోవడానికి తీరిక చిక్కలేదు. దొరికేదాకా వెతకగల మనిషి మా మధ్య ఆమె ఒక్కరే. ఆ పుణ్యమూర్తికి నా నమస్సులు.